శకారుని పాదము: మృచ్ఛకటికమందలి న్యాయసభను గూర్చి కొంత విమర్శ

మృచ్ఛకటికమును గూర్చి మన పండితులు చాల వ్రాసియున్నారు. చారుదత్తుని యౌదార్యమును, దారిద్ర్యమునందును చెడని యతని మర్యాదను, బంగారుబండి కావలెనని యేడ్చిన బాలుని మట్టిబండిలో వసంతసేన తన సొమ్ములు నింపిన ఘట్టమును, శకారుని వెఱ్ఱిమాటలవలన పుట్టు హాస్యమును వేనోళ్ల పొగడియున్నారు. తిరుపతి వేంకటకవులు తెనిగించిన నాటినుండి సంస్కృతము రాని చదువరులకును ఈ కథ పరిచితమే. కాని తొమ్మిదవ యంకమునకు, అనగా న్యాయసభకు, వచ్చునప్పటికి విమర్శకులు త్వరపడుదురు. చారుదత్తుని వధ్యస్థానమునకు పంపుటకై కవి పన్నిన యుపాయముగా మాత్రమే దానిని యెంచి, నాలుగు వాక్యములతో దాటి, పదవ యంకమందలి కరుణరసమున మునిగిపోవుదురు. మేమును ఇరువది యేండ్లుగా అట్లే పాఠము చెప్పుచుంటిమి.

ఇప్పుడు మా యభిప్రాయము మారినది. తొమ్మిదవ యంకమే ఈ నాటకమునకు గుండెకాయ యని తలంచుచున్నాము. బలవంతుడు బలహీనుని వేధించినప్పుడు, ఆ వేధింపు న్యాయసభకు చేరులోపల ఏమగును, దాని సాక్ష్యము ఎవరెవరి చేతులలో నలిగి మాయమగును అను ప్రశ్నకు ఇంత స్పష్టముగా సమాధానమిచ్చిన కావ్యము మా యెఱుకలో మఱియొకటి లేదు. అభిప్రాయము మారుటకు కారణము గ్రంథమున గాక మా పాఠశాలలో కలదు. దానిని తరువాత చెప్పెదము. ముందు గ్రంథమును చూతము.

శకారుడు రాజునకు బావమఱది. మొదటి యంకముననే, చీకటి పడువేళ, ఉజ్జయినీ వీథులలో విటచేటులను వెంటబెట్టుకొని వసంతసేనను తరుముకొని వచ్చును. ఆమె యొల్లననును, వాడు వినడు. రామాయణ భారతములను కలగాపులగముచేసి వాడు పలుకు పోలికలకు ప్రేక్షకులు నవ్వుదురు. నవ్వుట తప్పు గాదు. కాని ఒల్లనన్న స్త్రీని మరల మరల వెంటాడుట నేరమని ఆ నవ్వులో మఱచిపోవుదుము. మన శిక్షాస్మృతియందు 2013వ సంవత్సరమున చేర్చబడిన యీ నేరము నేటి భారతీయ న్యాయసంహితలో 78వ ప్రకరణముగా నున్నది. ఆ రాత్రియే శకారుడు మైత్రేయునిచేత చారుదత్తునకు కబురంపును: వసంతసేనను నాకప్పగించితివా స్నేహము, లేకున్న చచ్చువఱకు వైరము. మైత్రేయుడు ఆ మాటను తప్పక చేరవేయును. చారుదత్తుడో, వాడు తెలివిమాలినవాడని తీసివేయును. నాలుగవ యంకమున శకారుడు పదివేల సువర్ణముల వెలగల నగలతో బండిని పంపును, ఆమె త్రోసివేయును. ఎనిమిదవ యంకమున, పుష్పకరండకోద్యానమందు, గొంతు నులుమును.

తొలినాటి తరుమునుండి ఉద్యానమందలి హత్యాప్రయత్నము వఱకు మెట్టుమెట్టుగా దారి యున్నది. ప్రతి మెట్టునకును చూచినవారును విన్నవారును కలరు. అయినను ఒక్క మెట్టునైనను గుర్తుపెట్టినవారు లేరు. బెదిరింపును విన్న మైత్రేయుడు తరువాత న్యాయసభకు వచ్చును, శకారునితో కలియబడును, తిట్టును. నాటి కబురుమాట మాత్రము ఎవరి నోటను రాదు. 'వాడంతే, తెలివిమాలినవాడు' అని తీసివేసిన ఇంటిపెద్దలు మనలోను ఎందఱో కలరు. ఆ మాటతోనే సగము సాక్ష్యము పోవును.

ఇక న్యాయసభ. ఆమె చనిపోయినదని తలంచి, ఎండుటాకులు కప్పి వచ్చిన శకారుడు మరునాడు తానే వాదియై సభ చేరును. అచ్చటి న్యాయాధికారి దుర్మార్గుడు కాడు. శకారుడు వచ్చెనని వినగానే, ఇతని వ్యవహారము నేడు చూడము, పొమ్మని చెప్పించును. శకారుడు ఊరకుండునా? బావయగు పాలకరాజుతో చెప్పెదను, తోబుట్టువుతో చెప్పెదను, తల్లితో చెప్పెదను, ఈ యధికారిని తీయించి వేఱొకని పెట్టించెద ననును. ఆ మాట చెవిని పడిన వెంటనే రేపటి విచారణ నేటి విచారణ యగును. సభలో ఒక్క సాక్షియు నోరు విప్పకముందే బలము తన పని చేసినది.

అయినను సత్యము ఒక్కసారి తొంగిచూచును. ధనాశతో ఎవడో వసంతసేనను ఉద్యానమున గొంతు పిసికి చంపెనని చెప్పుచు శకారుడు, 'నాచేత గాదు' అని నోరుజారి, చటుక్కున నోరు మూసికొనును. అడుగకముందే నేను గాదన్నవాని మాట విచారణకు తొలిమెట్టు. న్యాయాధికారి తెలిసినవాడు గనుక, 'నాచేత గాదు' అను ఈ మాటనే వ్యవహారమునకు మొదటి మాటగా వ్రాయుమని కాయస్థున కాజ్ఞాపించును. కాయస్థుడు వ్రాయును. అంతట శకారుడు తన తొందరపాటును గుర్తించి, ముందునకు జరిగి, ఆ వ్రాతను పాదముతో తుడిచివేయును.

ఇన్నియేండ్లు ఈ రంగసూచనను మేము చదివి దాటితిమి. పాదముతో తుడువగలిగెననగా ఆ వ్రాత నేలమీదనో, కాలికందు పలకమీదనో ఉండెనన్నమాట. దాని కింకొక ప్రతి లేదు. సభలోని వారందఱును చూచుచుండగానే మొదటి సాక్ష్యము నశించినది. తుడుపును గూర్చి ఒక్క ప్రశ్నయు లేక విచారణ ముందునకు సాగినది. నాటకములో ఇంతకంటె భయంకరమైన క్షణము లేదని మా యభిప్రాయము. వధ్యస్థానమందలి డప్పుల చప్పుడు దాని ప్రతిధ్వనియే.

తరువాత సాక్ష్యములు ఒకదానివెంట ఒకటి వచ్చును. ప్రతిదియు నిజమే, కూడిక మాత్రము అబద్ధము. కూతురు చారుదత్తుని యింటికి పోయినదని వసంతసేన తల్లి చెప్పును: నిజమే. బండి ఉద్యానమునకు పోయినదని వీరకుడు చెప్పును: అదియు వాడు విన్నమాటయే. వాడు గుఱ్ఱమెక్కి పోయి చూచివచ్చి, మృగములు తినివేసిన స్త్రీదేహ మొకటి కనబడెననును: అదియు నిజమే. ఆ దేహము వసంతసేనదేనా యని నిలిచి యడిగినవారు లేరు. చారుదత్తుడు, ఆమె ఎప్పుడు పోయెను, ఎట్లు పోయెనని యడిగిన సిగ్గుపడి, మాట మ్రింగును. వేశ్యతో స్నేహమని నలుగురిలో చెప్పుకొనుటకు పరువు అడ్డువచ్చినది. ఇంతలో శకారునితో పెనగులాడుచున్న మైత్రేయుని చంకలోనుండి వసంతసేన సొమ్ములు సభ నడుమ జాఱిపడును. ఆమె స్వయముగా బాలుని బండిలో నింపగా, తిరిగి యిచ్చిరమ్మని చారుదత్తుడు మిత్రునిచేత పంపిన సొమ్ములవి. కాని ఆ వస్తువు ఎవరి చేతినుండి ఎవరి చేతికి, ఎప్పుడు, ఏల వచ్చెనో చెప్పు వ్రాత లేదు. వ్రాత లేనిచో వస్తువు తనంత మాటలాడదు; ఎవడు గట్టిగా అఱచిన వాని మాటయే పలుకును.

ఆంగ్లమున ఒథెల్లో నాటకమందలి చేతిరుమాలును ఇచ్చట తలంపక తప్పదు. కన్నులకు కనబడు సాక్ష్యము కావలెనని ఒథెల్లో పట్టుబట్టును. ఆ రుమాలు కాసియో చేతికెట్లు వచ్చెనని మాత్రము వేళకు అడుగడు. నిర్దోషియైన ఇల్లాలు చనిపోయిన తరువాత గాని ఎమీలియా నోట రుమాలు కథ బయటపడదు. షేక్స్పియరు కథలో లోపము ఒక భర్త మనస్సున నున్నది; మృచ్ఛకటికమున సభకంతటికిని వ్యాపించినది. కావుననే మనకు రెండవది యెక్కువ యుపయోగించును. ఒక్కని యసూయకు చట్టము మందు కాజాలదు. సభ పద్ధతిని చక్కబెట్టవచ్చును.

పదవ యంకమున సత్య మెఱిగిన చేటుడు స్థావరకుడు, శకారుడు బంధించిన మేడపైనుండి దూకి వచ్చి, చంపినవాడు నా యజమానుడే యని జనుల నడుమ అఱచును. శకారుడు వానికి రహస్యముగా కడియ మొకటి యిచ్చి నోరు మూయింపజూచును. వాడు ఆ కడియమును చూపగా, చూచితిరా, వీడు బంగారము దొంగిలించినవాడు, అందుకే శిక్షించితిని, ఆ పగతో నాపై చెప్పుచున్నాడని శకారుడు బుకాయించును. లంచమునే దొంగతనమునకు ఋజువుగాను, కొట్టిన దెబ్బలనే సాక్షి పగకు ఋజువుగాను మార్చినాడు. బానిస మాటను ఎవరును నమ్మరు. సాక్షి యొక్కడే యైనను, బీదవాడైనను వాని మాటకు విలువ కలదని నేటి చట్టము. ఏ విషయమును నిరూపించుటకైనను ఇందఱు సాక్షులుండవలెనను లెక్క లేదని 1872 నాటి సాక్ష్యచట్టపు 134వ ప్రకరణము చెప్పెను. దాని స్థానమున 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును ఆ మాటనే నిలిపినది. కాని మన మనస్సులలో ఉజ్జయినీ వీథియే యింకను నిలిచియున్నది.

ఇక మా సంగతి. మేము పనిచేయు పాఠశాల పేరు చెప్పము. కొన్నియేండ్ల క్రిందట పెద్దతరగతి బాలురు నలుగురు, తొమ్మిదవ తరగతి బాలు నొకని వసతిగృహము వెనుక నిలిపి, కులము పేరెత్తి తిట్టి, తమ చెప్పులను వాని నెత్తిన మోయించి, ఆ దృశ్యమును సెల్‌ఫోనులో వీడియో తీసి తోడివారికి పంపిరి. మూడవనాడు ఆ బాలుడు అన్న సెల్‌ఫోనును తెచ్చి మాకు చూపెను. మాకు ఒడలు మండినది. ఆ నలుగురిని పిలిపించి మా యెదుటనే వీడియోను చెఱిపించితిమి. అది చేరిన వారందఱిచేతను చెఱిపించితిమి. బాధితుని యొద్దనున్నదానిని, 'ఇది నీకెందుకు నాయనా, చూచుకొని యేడ్చుటకా' యని మా చేతులతోనే చెఱిపితిమి. ఆ రాత్రి మంచిపని చేసితిమని తృప్తిగా నిద్రించితిమి.

పదిదినములు గడువకముందే వేధింపు మరల మొదలైనది. బాలుని తండ్రి, కూలిపని చేయువాడు, వచ్చి ఫిర్యాదు చేసెను. పాఠశాలవారు విచారణసంఘమును నియమించిరి. మమ్మును పిలిచి, మీరు కన్నులార చూచితిరా యని యడిగిరి. వీడియోలో చూచితి మంటిమి. ఆ వీడియో యేదనిరి. చెఱిపివేయబడిన దంటిమి. ఎవరు చెఱిపిరనిరి. మేమే యంటిమి. నలుగురు బాలురును ఏమియు ఎఱుగమనిరి. ఆధారములు లేవని సంఘము వ్రాసినది. బాలుడు టి.సి. తీసికొని వెళ్లిపోయెను. వెళ్లునాడు వాని తండ్రి మాతో, 'అయ్యవారూ, మీరు మావాడి మేలు కోరే చేసినారు. కాని ఆ బొమ్మ ఉండి ఉంటే మా మాట నమ్మేవాళ్లండి' అనెను. ఆ వారమే తరగతిలో తొమ్మిదవ యంకము పాఠము. పాదముతో తుడుచు రంగసూచన వద్దకు వచ్చి మేము ఆగిపోతిమి. పిల్లలు మా ముఖము చూచుచుండిరి. ఆ పాదము శకారునిది మాత్రమే యని యన్నాళ్లు అనుకొంటిమి. జాలితోను పరువుతోను తుడుచు పాదము మఱియొకటి కలదు.

షెడ్యూల్డు కులములవారిని, తెగలవారిని నలుగురు చూచుచోట కులము పేరుతో దూషించుట 1989వ సంవత్సరపు అత్యాచార నిరోధక చట్టము ప్రకారము నేరము. నలుగురు చూచుచోట జరిగినదని చూపగలిగిన వస్తువు ఆ వీడియోయే. మేము పోగొట్టిన దెంతటిదో అప్పుడు తెలిసినది.

కావున ఈ యంకమును చదివిన గృహస్థులకు కొన్ని మాటలు చెప్పుట మా విధిగా భావించుచున్నాము. వేధింపు జరిగిననాడే వ్రాయవలెను. తేదీ, వేళ, చోటు, ఎవరుండిరి, ఏ మాట యనిరి అనునవి వ్రాయవలెను. బూతుమాటయైనను ఆ మాటనే వ్రాయవలెను; 'అసభ్యముగా మాటలాడెను' అని మర్యాదకొఱకు మార్చినచో సాక్ష్యము పలుచనగును. సంఘటన కాలమున గాని, జ్ఞాపకము చెడకముందు గాని తాను వ్రాసికొన్నదానిని చూచి సాక్షి కోర్టులో జ్ఞప్తికి తెచ్చుకొనవచ్చునని పాతచట్టపు 159వ ప్రకరణము. ఆ కాలమునందే ఇతరులతో చెప్పిన మాటయు సాక్షి మాటకు బలమిచ్చునని 157వ ప్రకరణము. కొత్తచట్టమును ఈ రెంటిని విడువలేదు. కావున అమ్మతో చెప్పినను, స్నేహితురాలితో చెప్పినను ఊరక పోదు. విన్న అమ్మయు తేదీ వేసి వ్రాసిపెట్టవలెను. చారుదత్తుడు ఆ రాత్రి మైత్రేయుని మాటను అట్లు వ్రాయించియుండినచో తొమ్మిదవ యంకము వేఱువిధముగా నడిచియుండును.

సెల్‌ఫోనులోనిది దేనిని చెఱుపరాదు. ఒక్క సందేశపు బొమ్మను పట్టియుంచుట చాలదు. ముందువెనుకల సంభాషణయు, పంపిన సంఖ్యయు, తేదీయు నిలుపవలెను. ఎలక్ట్రానిక్ పత్రము యొక్క నకలును కోర్టులో చూపుటకు ధ్రువపత్రము కావలెనని సుప్రీంకోర్టు 2014లో అన్వర్ కేసున చెప్పి, 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసున స్థిరపఱచినది. సొంతదారు తానే మూలమైన ఫోనును తెచ్చి సాక్ష్యము చెప్పినచో ఆ పత్ర మక్కఱలేదు. అందువలన ఫోనును మార్చినను పాతదానిని అమ్మరాదు. నేడు ఆ ధ్రువపత్రపు సంగతి కొత్తచట్టపు 63వ ప్రకరణమున నున్నది. అందు హ్యాష్ అను వ్రేలిముద్రవంటి యక్షరాంకముల వరుసను చూపవలెను. పత్రమున ఒక్క యక్షరము మారినను ఆ వరుస మారిపోవును. మైత్రేయుని చంకలోని సొమ్ములకు లేకపోయినది ఇట్టి గుర్తే.

ఫిర్యాదును నోటితో చెప్పి రారాదు. రెండు ప్రతులు వ్రాసి, ఒకదానిపై ముట్టినట్లు సంతకమును తేదీముద్రను వేయించుకొనవలెను. వేయనిచో స్పీడుపోస్టులో పంపి రసీదు దాచవలెను. ఇదియే పాదమునకు అందని ప్రతి. నడవలలోని కెమెరాల చిత్రములు కొన్నాళ్లకు తామే చెఱిగిపోవును. కావున వానిని నిలుపుమని వెంటనే వ్రాతమూలముగా కోరవలెను. ఉద్యోగినులకు గడువొకటి కలదు. 2013 నాటి చట్టము ప్రకారము లైంగిక వేధింపును గూర్చిన ఫిర్యాదును, చివఱి సంఘటనము జరిగిన మూడు నెలలలో సంఘమునకు వ్రాసి యీయవలెను. తగిన కారణ మున్నచో సంఘము మఱి మూడు నెలలు పొడిగింపవచ్చును. పదిమంది కంటె తక్కువ పనివారున్నచోట జిల్లాలోని స్థానికసంఘము వినును. ఆ చట్టపు 14వ ప్రకరణమును ప్రతి యింటను చదువవలెను. నిరూపింపలేకపోయినంతమాత్రమున ఫిర్యాదు అబద్ధమని దండింపరాదని యందున్నది.

వేధించువాడును సాక్ష్యము కల్పింపగలడని శకారుని కడియము మనకు నేర్పినది. కావున మన సాక్ష్యము కల్పనవాసన లేనిదై యుండవలెను. తన యెదుట జరిగిన సంభాషణను రహస్యముగా రికార్డు చేసినంతమాత్రమున అది త్రోసివేయబడదని 1972లో మల్కానీ కేసున సుప్రీంకోర్టు చెప్పినది. కాని గొంతు ఎవరిదో తెలియవలెను, విషయమునకు సంబంధించియుండవలెను, కత్తిరింపు జరుగలేదని తేలవలెను. ఇతరుల ఫోనులలో దొంగతనముగా చొరబడుట మనలనే నేరస్థులను చేయును. సాక్ష్యమని చెప్పి బాధితుల చిత్రములను నలుగురికి పంచుట రెండవ వేధింపు. అది బాలల అసభ్యచిత్రమైనచో నకలు తీయనేరాదు, ఎవరికిని పంపనేరాదు; వెంటనే పోలీసులకు తెలుపవలెను. అట్టి నేరమును ఎఱిగినవారు తెలుపుట 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము విధియే గాని దయ గాదు.

ఇంత చెప్పి, నాటకమునందు మాకు తోచిన లోపము నొకటి చెప్పకున్న విమర్శ కాదు. తుదకు సత్యము గెలిచినది ఎట్లు? భిక్షువొకడు వసంతసేనను బ్రదికించుటచేత, ఆమె వేళకు వధ్యస్థానము చేరుటచేత. అనగా అదృష్టముచేత. కవి సభను చక్కబెట్టలేదు, సభను తప్పించుకొనిపోయెను. వేధింపబడినది ఆమె, ఆమె సాక్ష్యము మాత్రము నాటకమంతట ఎచ్చటను వ్రాయబడలేదు. కూతుని పోగొట్టుకొంటినని తలంచిన తల్లి, వాదిని నేను, ఇతనిని విడువుడని సభలో మొఱపెట్టినను వినినవారు లేరు. చివఱకు శకారుడు శరణు వేడగా, క్షమించి విడిపించినవాడు చారుదత్తుడు. ఈ క్షమను మన విమర్శకులు నెత్తిన బెట్టుకొందురు. మేమును చాలకాలము పెట్టుకొంటిమి. కాని క్షమించు నధికారము మొదట ఎవరిది? చారుదత్తుని మెడలోని వధ్యమాలను తీసి వసంతసేన శకారునిపై విసరివేయును. సభలో అడుగబడని ఆమె వాఙ్మూలము ఆ విసరుటయే. దానిని చదువని క్షమ తొందరపాటు క్షమ. మేము ఆ నలుగురు బాలురచేత క్షమాపణ చెప్పించి, బాధితుని అడుగక సరేయన్నది కూడ అట్టిదే.

ఇప్పుడు మా బల్లసొరుగులో పుటలకు అంకెలు వేసిన పుస్తక మొకటి కలదు. పిల్లలు వచ్చి చెప్పిన మాటలను వారి మాటలలోనే, వారి యెదుటనే వ్రాసి, చదివి వినిపించి, నకలును వారి తల్లిదండ్రులకు ఇచ్చుచున్నాము. క్రిందటి నెలలో ఆ బాలుని తండ్రికి ఒక వాఙ్మూలము పంపితిమి. వీడియోలో ఏమి చూచితిమో, ఏ మాటలు వింటిమో, దానిని ఎవరము చెఱిపితిమో అన్నియు వ్రాసి, తేదీ వేసి, సంతకము చేసితిమి. ఇన్నియేండ్లకు వ్రాసిన సాక్ష్యము బలహీనమని ఎఱుగుదుము. ఉపయోగపడునో లేదో ఆయన యిష్టము, కోర్టువారి యిష్టము. రసీదు మాత్రము మాయొద్ద నున్నది.